151 సీట్లిచ్చి గెలిపించినాయన్ని ఆపడానికి వీళ్లెవరు?

పెదవాల్తేరు వాసి:
పొద్దున్న ఆర్కే బీచ్‌లో వాకింగ్ అయ్యాక టీ దగ్గర మొదలైన వాదన ఇది, ఇంకా తేలలేదు. 2019లో 175కి 151 ఇచ్చాం. 2024లో తిరగేసి కూటమికి 164 ఇచ్చాం. అంతమంది గెలిపించిన నాయకుణ్ని కోర్టులూ, మండలీ ఆపడం న్యాయమేనా? జనాకర్షక నాయకుల వల్ల వ్యవస్థలు పాడైపోతాయన్నది చదువుకున్నవాళ్ల భయమేనంటాను. పార్టీ గొడవలు మాత్రం వద్దు.

గాజువాక కుర్రాడు:
నీ మాటే నా మాట అన్నా. మా నాన్నమ్మ పింఛను కోసం ఎండలో నిలబడేది. వేలిముద్ర పడకపోతే కొంగుతో వేళ్లు తుడుచుకుని మళ్లీ నొక్కేది. అయినా పడకపోతే ‘రేపు రా’ అనేవారు. తర్వాత ఒకటో తారీఖుకి డబ్బు ఇంటికే వచ్చింది. మాకు వ్యవస్థంటే ఆ క్యూయే. దాన్ని తప్పించినాయన వల్ల ప్రజాస్వామ్యానికి ముప్పేటి?

మర్రిపాలెం మాస్టారు:
నాన్నమ్మగారి కష్టం నిజమే బాబూ. కానీ పింఛను ఇంటికి పంపడానికి జడ్జీలను ఇంటికి పంపక్కర్లేదు కదా! హంగరీలో ఓర్బాన్ 2010లో మూడింట రెండొంతుల మెజారిటీతో ప్రధానిగా వచ్చాడు. కోర్టుల్ని మూసెయ్యలేదు. జడ్జీల రిటైర్మెంటు వయసు 70 నుంచి 62కి దించాడు, అంతే. ఒక్క దెబ్బకి రెండు వందలకు పైగా సీనియర్లు బయటికి. 2012లో యూరప్ న్యాయస్థానం అది తప్పని చెప్పేసరికే చాలా కుర్చీల్లో కొత్తవాళ్లు కూర్చున్నారు. అంతా చట్టప్రకారమే, పేపర్లో లోపలి పేజీ వార్తలా జరిగిపోయింది.

అంత దూరం ఎందుకు? 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుల్ని మన శాసనమండలి వెంటనే ఆమోదించకుండా, పరిశీలించమని సెలెక్ట్ కమిటీకి పంపమంది. విశాఖకి రాజధాని వస్తోందని మనం సంబరపడుతున్న రోజులవి (నేనూ పడ్డాను). వారం తిరక్కుండా మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పటికి మండలిలో బలాబలాలు మారాయి లెండి.

పెదవాల్తేరు వాసి:
మండలిని ఎన్టీఆర్ కూడా 1985లో రద్దు చేయించారు మాస్టారూ. అదే ఎన్టీఆర్‌ని 1984 ఆగస్టులో గవర్నరు దించేస్తే, జనం రోడ్డెక్కి నెలరోజుల్లో మళ్లీ కూర్చోబెట్టారు. గవర్నరూ వ్యవస్థే కదా? అక్కడ కాపాడింది ఎవరు?

ఉక్కునగరం ఆడపడుచు:
ఆ గవర్నరు చేసింది తప్పే, దాన్ని ఎవరూ వెనకేసుకు రారు. మన సంగతి చెప్పండి. 2021 జనవరిలో స్టీల్‌ప్లాంటులో వాటా మొత్తం అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. ఆ ప్రభుత్వమూ భారీ మెజారిటీతో గెలిచిందే. అయినా హైకోర్టులో పిటిషన్లు పడితే చప్పట్లు కొట్టాం. ‘జనం గెలిపించారు, అడ్డు చెప్పకండి’ అని ఆ రోజు మనలో ఎవరైనా అన్నామా?

గాజువాక కుర్రాడు:
ఉక్కు విషయంలో కోర్టు కావాలన్నాను అక్కా, కాదనను. కానీ నాన్నమ్మ క్యూలో నిలబడ్డ అన్నేళ్లూ మా కోసం ఏ పెద్దాయనా పిటిషన్ వెయ్యలేదు. అది కూడా లెక్కలో రాసుకోండి.