అంబాసిడర్ మార్క్ 4: లైట్లు వేస్తే పెట్రోల్ ముల్లు పైకి లేస్తోంది, స్పీడోమీటర్ ఊగుతోంది

తెనాలి_మార్క్4:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్ బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇంజిన్ బాగుంది, బ్రేకులు బాగున్నాయి, ఆరేళ్ల క్రితం పెయింటింగ్ కూడా చేయించాం, అప్పుడు డాష్‌బోర్డు మొత్తం విప్పి రంగు వేసి మళ్లీ బిగించారు. బాధంతా మీటర్లతోనే.

పోయిన నెల విజయవాడ నుంచి రాత్రిపూట వస్తూ దుగ్గిరాల దాటగానే బండి ఆగిపోయింది. చూస్తే పెట్రోల్ లేదు, మీటరేమో సగానికి కాస్త తక్కువ చూపిస్తోంది. పక్కన నాన్నగారు, ఆయనకి 76 ఏళ్లు, ఆ చీకట్లో రోడ్డు పక్కన గంటసేపు కూర్చోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి బండి బయటికి తీయాలంటే టెన్షన్‌గా ఉంది.

అది కాక స్పీడోమీటర్ ముల్లు 20 నుంచి 50 దాకా ఊగుతూనే ఉంటుంది, లోపల టిక్ టిక్ మని చప్పుడు. 60 దాటితే కాస్త నిలబడుతుంది. టెంపరేచర్ మీటర్ ఒక్కోసారి ఉన్నట్టుండి పైకి పోతుంది, దిగి చూస్తే రేడియేటర్ మామూలుగానే ఉంటుంది. ఇంకొకటి, రాత్రిళ్లు ఛార్జింగ్ ఎర్ర లైటు సన్నగా, నిప్పు కణికలా వెలుగుతూ ఉంటుంది (బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీసేసి దాని బదులు ఆల్టర్నేటర్ ఎప్పుడో వేయించాం).

ఒక షాపులో చూపిస్తే మీటర్లన్నీ పోయాయి, మొత్తం పీకేసి కొత్త డిజిటల్ మీటర్ పెడదాం అన్నారు. నాన్నగారు ఒప్పుకోవడం లేదు, నాకూ ఇష్టం లేదు. ఆ మీటర్లు అలాగే ఉంచి బాగుచేసుకునే దారి ఉందా? స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చు, అంతకు మించి తెలియదు.

వైరింగ్_బాబాయ్:

తమ్ముడూ, మీటర్ల జోలికి ఇంకా వెళ్లొద్దు, ఎవర్నీ వెళ్లనివ్వొద్దు. ముందు నాకు రెండు సంగతులు చెప్పు. టెంపరేచర్ ముల్లు పైకి పోయేది రాత్రిళ్లేనా, లైట్లు వేసినప్పుడేనా? కీ ఆన్ చేయగానే పెట్రోల్ ముల్లు టక్కున లేస్తుందా, మెల్లగా పాకుతూ లేస్తుందా?

తెనాలి_మార్క్4:

బాబాయ్ గారూ, మీరు అడిగాక ఇప్పుడే వెళ్లి చూశాను. ముల్లు మెల్లగా లేస్తుంది, నిలబడ్డానికి పదిహేను సెకన్లు పట్టింది. హెడ్‌లైట్లు వేస్తే పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ కలిసి పైకి జరిగాయి, తీసేస్తే మళ్లీ దిగాయి! ఇన్నేళ్లలో ఇది నేను గమనించనే లేదు.

వైరింగ్_బాబాయ్:

ఇక నీ మీటర్లు బాగానే ఉన్నాయని నా నమ్మకం. రెండు వేర్వేరు మీటర్లు ఒకే సమయంలో ఒకే వైపు తప్పు చెప్తే, రెండూ ఒకేసారి పాడవడం కాదు, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పాడైందని అర్థం. ముప్పై ఏళ్లుగా ఆటో వైరింగ్ చేస్తున్నాను, ఇలాంటి బండి ఏది వచ్చినా మొదట చూసేది ఎర్త్, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగి వెళ్లే దారి.

మెల్లగా పాకే ముల్లు ఉందంటే అది లోపల వేడెక్కి వంగే రేకుతో నడిచే మీటరు. అలాంటి మీటర్లకి బ్యాటరీ కరెంటు నేరుగా ఇవ్వరు, ఎందుకంటే ఇంజిన్ ఆగి ఉంటే 12 వోల్టులు, పరుగెత్తుతుంటే 14 పైన, ముల్లు దాంతో పాటే మారిపోతుంది. అందుకని మీటర్ల వెనక చిన్న రేకు డబ్బీ ఉంటుంది, స్టెబిలైజర్ అంటారు, అది సగటున 10 వోల్టులే మీటర్లకి పంపిస్తుంది. ఆ డబ్బీ సరిగ్గా పనిచేయాలంటే దాని బాడీకి ఎర్త్ గట్టిగా ఉండాలి. మీటర్ బోర్డులో వెలిగే చిన్న బల్బులకీ చాలా బండ్లలో అదే ఎర్త్. ఎర్త్ వదులైతే, నువ్వు లైట్లు వేయగానే ఆ బల్బుల కరెంటుకి సరైన దారి దొరక్క బోర్డు మొత్తం ఒకటి రెండు వోల్టులు పైకి లేస్తుంది. అప్పుడు స్టెబిలైజర్ 10కి బదులు ఎక్కువ వదులుతుంది, ముళ్లు రెండూ పైకి పోతాయి. దుగ్గిరాల దగ్గర జరిగింది ఇదే. లైట్లు వేసుకుని వస్తున్నావు కాబట్టి ఉన్న పెట్రోల్ కంటే ఎక్కువ చూపించింది. పగలైతే అదే మీటరు నిన్ను ముందే హెచ్చరించేది.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రెండు గజాల వైరు తీసుకుని రెండు చివర్లా క్రోకడైల్ క్లిప్పులు పెట్టు. ఒక క్లిప్పు బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది మీటర్ బోర్డు వెనక రేకు మీద శుభ్రంగా ఉన్న చోట. లైట్లు వేసి చూడు. ముళ్లు కదలకపోతే జబ్బు దొరికినట్టే. మల్టీమీటర్ ఉందన్నావు కాబట్టి, ఆ వైరు తీసేసి, లైట్లు వేసి, బోర్డు రేకుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య వోల్టేజ్ కొలువు. 0.2 లోపు ఉంటే మంచిదే, 1 దాటితే ఎర్త్ పోయినట్టే. పెయింటింగ్ అప్పుడు డాష్‌బోర్డు విప్పారన్నావే, అక్కడే నా అనుమానమంతా. రంగు మీదే ఎర్త్ స్క్రూ బిగించేసి ఉంటారు.

ఒక్క జాగ్రత్త. డాష్‌బోర్డు వెనక చేయి పెట్టి ఏది విప్పాలన్నా ముందు బ్యాటరీ నెగెటివ్ తీసెయ్. ఆ పాత వైర్ల మీద ప్లాస్టిక్ గట్టిపడి పెళుసుగా ఉంటుంది, ఒకటి తెగి బాడీకి తగిలితే పొగే.

కోవెంట్రీ_ఎంజీబీ:

నమస్తే అండీ. నాది గుంటూరు, ఉండేది ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో. నా దగ్గర 1972 ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, నా బండి 1798 సీసీ ఇంజిన్, రెండూ బీఎంసీ అనే బ్రిటిష్ కార్ల కంపెనీ డిజైన్ చేసిన బీ-సిరీస్ ఇంజిన్ల కుటుంబమే, అందుకే మీ బండి గురించి ఎవరు రాసినా ఆగి చదువుతాను. బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎర్త్ సరిచేశాక కూడా ముళ్లు ఎక్కువే చూపిస్తే అప్పుడు స్టెబిలైజర్ చూడండి. నా బండిలో దాని మీద బి, ఇ, ఐ అని అక్షరాలు ఉంటాయి, బి వైపు కరెంటు లోపలికి, ఐ వైపు మీటర్లకి, ఇ ఎర్త్. దీన్ని డిజిటల్ మల్టీమీటర్‌తో కొలిస్తే అంకెలు గంతులేస్తాయి, కంగారు పడకండి, ఆ డబ్బీ పనిచేసే తీరే అంత, ఆగి ఆగి కరెంటు వదులుతుంది. నిజంగా పోయి ఉంటే 7810 అనే మూడు కాళ్ల ఐసీతో అదే పని చేయించుకోవచ్చు, చాలా చవక. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

నేను అసలు చెప్పాలనుకున్నది స్పీడోమీటర్ గురించి. లోపల కేబుల్ తిప్పేది ఒక అయస్కాంతాన్ని, దాని చుట్టూ అల్యూమినియం గిన్నె లాంటిది, దానికి ముల్లు. గిన్నె అయస్కాంతానికి తగలదు, కేవలం లాగబడుతుంది, సన్నటి స్ప్రింగ్ వెనక్కి పట్టి ఉంచుతుంది. అంటే ముల్లు ఊగుతోందంటే కేబుల్ తిరగడమే ఒక్క తీరుగా లేదని. లోపలి తీగకి గ్రీజు ఎండిపోతే అది గొట్టంలో పట్టుకుని మెలి తిరుగుతుంది, కాసేపటికి వదిలి ఒక్కసారిగా తిరిగేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. తక్కువ స్పీడులో ఇది బాగా తెలుస్తుంది, మీరు రాసింది అచ్చం అలాగే ఉంది.

మీటర్ వెనక కేబుల్ నట్టు చేత్తోనే వస్తుంది, ప్లయర్ పెట్టి నొక్కకండి. లోపలి తీగ పైనుంచి బయటికి లాగండి (కొన్ని కేబుళ్లలో కింద గేర్‌బాక్స్ వైపు నుంచి తీయాలి). కిరోసిన్‌లో కడిగి, తుడిచి, గచ్చు నేల మీద పొడుగ్గా పెట్టి అరచేత్తో దొర్లించండి. తిన్నగా దొర్లితే మంచిదే, ఒకచోట ఎగిరి పడుతుంటే అక్కడ వంకర ఉంది, దాన్ని తిన్నగా చేయాలని చూడొద్దు, కొత్త తీగ వేయండి. గ్రీజు పల్చగా, వేళ్లతో రాసినంతే. మీటర్ వైపు పై జానెడు తీగకి అసలు రాయకండి. ఇది చాలామంది చేసే తప్పు, తిరిగే తీగ వెంట గ్రీజు పైకి పాకి మీటర్‌లోకి పోతుంది, ఆ గిన్నెకి అంటుకుంటే ముల్లు 80 దగ్గరే నిలబడిపోతుంది. మళ్లీ బిగించేటప్పుడు కేబుల్ ఎక్కడా గట్టి మలుపు తిరగకుండా చూసుకోండి.

ఇంకొక మాట. వేరే బండి మీటర్ తెచ్చి పెట్టమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. నా డయల్ మీద 1280 అని చిన్న అంకె ఉంది, అంటే మైలుకి కేబుల్ 1280 సార్లు తిరగాలి. ఆ లెక్క గేర్‌బాక్స్‌తో, వెనక యాక్సిల్‌తో, టైర్ సైజుతో ముడిపడి ఉంటుంది, ఇంకో బండి మీటర్ పెడితే ముల్లు ఊగదు కానీ చెప్పే స్పీడు అబద్ధం.

పద్మిని_సికింద్రాబాద్:

ఛార్జింగ్ లైటు సంగతి నేను చెప్తాను, మా పద్మినికి ఇదే జరిగింది (ఇంట్లో ఇప్పటికీ ఫియట్ అనే అంటాం). ఆ లైటుకి ఒక వైపు ఆల్టర్నేటర్, ఇంకో వైపు ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే కరెంటు. రెండు వైపులా వోల్టేజ్ సమానంగా ఉంటే ఆరిపోతుంది. స్విచ్ దగ్గరో ఫ్యూజు దగ్గరో మురికి పట్టి కాస్త వోల్టేజ్ పడిపోతే ఆ తేడాకి బల్బు సన్నగా వెలుగుతుంది. పగలు కనిపించదు, చీకట్లోనే కనిపిస్తుంది. ముందు ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద వోల్టేజ్ కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టు, ఫ్యూజు క్లిప్పులు సన్న ఎమ్రీ పేపర్‌తో రుద్ది, ఫ్యూజుల్ని రెండు మూడు సార్లు తిప్పి పెట్టండి. వోల్టేజ్ తక్కువ ఉంటే మాత్రం ఆల్టర్నేటర్ డయోడ్లు చూపించాలి.

డాష్‌బోర్డు ఎలాగూ విప్పుతారు కాబట్టి చెప్తున్నా, అన్ని బల్బులూ ఎల్ఈడీ మార్చేయాలని అనిపిస్తుంది. వెలుతురు బల్బులు మార్చుకోండి, ఛార్జింగ్ లైటు మాత్రం మామూలు ఫిలమెంట్ బల్బే ఉంచండి. చాలా ఆల్టర్నేటర్లకి మొదట అయస్కాంతం పుట్టడానికి కావలసిన కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. నేను ఎల్ఈడీ పెట్టాక ఛార్జింగే మొదలవ్వలేదు, మూడో రోజు పొద్దున పాపని స్కూల్లో దింపే టైముకి బ్యాటరీ చచ్చిపోయింది. మళ్లీ పాత బల్బు పెట్టగానే సరైంది.

తెనాలి_మార్క్4:

ఈ ఆదివారం కూర్చున్నాను. బాబాయ్ గారూ, మీరు చెప్పిన చోటే దొరికింది! లైట్లు వేసి కొలిస్తే 1.6 వోల్టులు వచ్చింది. క్లిప్పు వైరు పెట్టగానే ముళ్లు రెండూ కదలకుండా నిలబడ్డాయి. ఎర్త్ స్క్రూ విప్పితే కింద మొత్తం రంగు, మందంగా. వైరు చివర రింగు పచ్చగా చిలుము పట్టి ఉంది, వేలితో గీకితే పొడి రాలింది. రేకు మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు వేసి, పళ్ల వాషర్ పెట్టి బిగించాను. ఇప్పుడు 0.05.

మీటర్‌ని ఇక నమ్మొచ్చా అని ఇంకో పని చేశాను. పెట్రోల్ దాదాపు ఖాళీ అయ్యాక బండి చదునుగా ఉన్న చోట ఆపి, అయిదేసి లీటర్లు పోస్తూ ముల్లు ఎక్కడ నిలబడుతుందో నాన్నగారి చేత కాగితం మీద రాయించాను. మొదటి అయిదు లీటర్లకి ముల్లు అసలు లేవలేదు, అది తెలియడం మంచిదైంది. ఆ కాగితం ఇప్పుడు డాష్‌బోర్డు అరలోనే ఉంది.

ఛార్జింగ్ 14.1 ఉంది, ఫ్యూజు క్లిప్పులు రుద్దాక ఎర్ర లైటు పూర్తిగా ఆరింది. స్పీడోమీటర్ తీగ నేల మీద దొర్లిస్తే ఒకచోట ఎగిరిపడింది, కొత్తది వేశాను. ముల్లు ఊగడం ఆగింది. టిక్ టిక్ మాత్రం ఇంకా సన్నగా వినిపిస్తోంది, చలిగా ఉన్న పొద్దుటి పూట ఎక్కువ.

కోవెంట్రీ_ఎంజీబీ:

చాలా సంతోషం అండీ. ఆ టిక్ టిక్ మీటర్ లోపల కేబుల్ దూరే ఇరుసుది అయి ఉంటుంది, అక్కడ నూనె ఎండిపోతుంది. కేబుల్ విప్పి, ఆ చదరపు రంధ్రం పక్కన కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క, సూది మొనతో. రెండో చుక్క వద్దు. మీటర్‌ని బోర్లించి రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున తుడిచి బిగించండి. ఆగకపోతే మీటర్ విప్పకుండా ఫొటోలు పెట్టండి, చూద్దాం.