60 జీబీ ఫైల్ కాపీ 4 జీబీ దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న: ఉబుంటు (లైనక్స్) వర్క్‌స్టేషన్ నుంచి 60 జీబీ వీడియో ఫైల్‌ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తుంటే 4 జీబీ దగ్గర 'ఫైల్ టూ లార్జ్' అని ఆగుతోంది. డిస్క్‌లో 900 జీబీ ఖాళీ ఉంది. డిస్క్ పాడైందంటారా?

జవాబు 1: డిస్క్‌కి ఏమీ కాలేదండీ. అది ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో (డిస్క్‌లో ఫైళ్లని అమర్చే పద్ధతి) ఉండి ఉంటుంది, టెర్మినల్‌లో 'డీఎఫ్ -టీ' కమాండ్ కొట్టి చూడండి, వీఫ్యాట్ (లైనక్స్‌లో ఫ్యాట్‌కి పేరు) అని వస్తే అదే. ఫ్యాట్32 ఫైల్ సైజుని 32 బిట్లలోనే రాసుకుంటుంది, కాబట్టి ఒక్కో ఫైల్ 4,29,49,67,295 బైట్లు దాటదు. ఎంత ఖాళీ ఉన్నా అంతే. డేటా వేరేచోట దాచుకుని ఈ 4 జీబీ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. విండోస్‌తో పనిలేకపోతే లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మేలు: దానికి జర్నల్ (చేయబోయే మార్పులని ముందే రాసుకునే చిట్టా) ఉంది, మధ్యలో కరెంటు పోయినా తట్టుకుంటుంది.

జవాబు 2: ఫార్మాట్ కుదరకపోతే 'స్ప్లిట్' కమాండ్‌తో 4000 ఎంబీ ముక్కలు చేయండి, 15-16 వస్తాయి. తర్వాత 'క్యాట్' కమాండ్‌తో వరుసగా కలపాలి. ముందూ వెనకా షా256 (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కకట్టే గుర్తింపు కోడ్) సరిచూడటం మాత్రం మానొద్దు, ఒక్క ముక్క తప్పినా ఫైల్ చెడుతుంది.

ఇంకోటి, కాపీ 100 శాతం చూపించినా కొంత డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. అన్‌మౌంట్ (డిస్క్‌ని సిస్టమ్ నుంచి విడదీయడం) పూర్తయ్యాకే కేబుల్ తీయండి.

ప్రశ్న అడిగినవారు: వీఫ్యాట్ అనే వచ్చిందండీ. ఈఎక్స్‌టీ4కి మార్చాను, మొత్తం ఎక్కింది, షా256 కూడా కలిసింది.