ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వేడి చూపే సెన్సర్ ఎక్కడ బిగించాలి?

ప్రశ్న:

నా పికప్ ట్రక్కు పాతది, నాలుగు గేర్ల ఆటోమేటిక్. పోయిన నెల ట్రైలర్ తగిలించుకొని పెద్ద ఎత్తు ఎక్కుతుంటే కాలిన వాసన వచ్చింది. పక్కన ఆపి, డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డకు తుడిచాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమ రంగుకు తిరిగింది. ఇంజను వేడి చూపే ముల్లు మాత్రం ఎప్పటిలాగే మధ్యలో ఉంది. గేర్‌బాక్సు ఉడికిపోతున్నా నాకు తెలిసే దారే లేదని ఆ రోజు అర్థమైంది.

ఆయిలూ ఫిల్టరూ మార్పించి, గేజి, సెన్సర్ కొన్నాను. ఇప్పుడు చిక్కేమిటంటే, ఒక మెకానిక్ గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టికి, అంటే పాన్‌కు, బుష్ (సెన్సర్ బిగించే మరలున్న చిన్న గొట్టం) వెల్డింగ్ చేద్దామంటున్నాడు. ఇంకొకాయన గేర్‌బాక్సు పక్కన ఆయిల్ ఒత్తిడి కొలవడానికి ఉన్న ప్రెషర్ రంధ్రంలో బిగిస్తే అయిదు నిమిషాల పని అంటున్నాడు. నా స్నేహితుడు ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కు వెళ్లే పైపులోనే పెట్టాలని పట్టుబడుతున్నాడు. మూడు చోట్లా మూడు రకాల అంకెలు వస్తాయట. దేన్ని నమ్మి బండి నడపాలి?

జవాబు 1:

పాన్‌లోనే పెట్టండి. నా రెండు బళ్లకూ అలాగే చేశాను. పంపు పీల్చుకొని క్లచ్‌లకూ బేరింగులకూ పంపేది పాన్‌లోని ఆయిల్‌నే. అక్కడి వేడే గేర్‌బాక్సు ఆరోగ్యం. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ ఉంటే నిశ్చింతగా వెళ్లవచ్చు. 105 దాటి దిగకపోతే వేగం తగ్గించి కింది గేరులోకి రండి. 120 చేరితే ఆపేయండి. చక్రాలకు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజనును నడవనివ్వండి. ఆయిల్ కూలర్ గుండా తిరుగుతూ చల్లబడుతుంది. 80 పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్‌ల లెక్క. మీ గుడ్డ మీద కనబడిన రంగు అదే.

ఇక బుష్ ఎక్కడ అతికించాలన్నది తొందరపడి తేల్చవద్దు. పాన్ అడుగున వద్దు, రాయి తగిలితే సెన్సర్ విరిగి ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. వెనుక గోడకు, ఆయిల్ మట్టానికి బాగా కింద, సైలెన్సర్ గొట్టానికి దూరంగా చూసుకోండి. సెన్సర్ మొన లోపల ఫిల్టరుకు తగలకూడదు. నేను ఫిల్టరు మీద, ఆ మూల చుట్టూ మెత్తని బంకమట్టి ముద్దలు అంటించి, పాన్ బిగించి మళ్లీ విప్పాను. మట్టి ఎంత మందంలో నలిగిందో అక్కడ అంతే ఖాళీ ఉన్నట్టు. నాకు ఒక మూల చిటికెన వేలి మందం కూడా రాలేదు. రంధ్రం రెండంగుళాలు పక్కకు జరిపాను.

వెల్డింగ్‌కు ముందు పాన్‌ను ఆయిల్ జిడ్డు లేకుండా కడగండి. ఒకేసారి చుట్టూ వెల్డు వేస్తే రేకు వంకరపోయి గాస్కెట్ కూర్చోదు. చుక్క చుక్కగా, మధ్యలో చల్లారనిచ్చి వేయించండి. చివరికి పాన్‌లో కిరోసిన్ పోసి ఒక రాత్రి ఉంచితే కారే చోటు బయటపడుతుంది.

జవాబు 2:

పై మిత్రుడి మాట తప్పని నేను అనను. కానీ నేను రోజూ బరువు లాగుతాను, నాకు కావలసింది ముందస్తు హెచ్చరిక. వేడి పుట్టేది ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లో. ఎత్తు మీద అది లాక్ కాకుండా (దాని రెండు వైపులూ ఒకటిగా తిరగకుండా) ఉన్నంతసేపూ ఆయిల్‌ను చిలుకుతూనే ఉంటుంది, ఆ ఆయిలే నేరుగా కూలర్ పైపులోకి వస్తుంది. నా ముల్లు చూస్తుండగానే 90 నుంచి 130కి పోతుంది, లాక్ పడగానే దిగుతుంది. పాన్‌లో ఈ కదలిక కనబడదు, నిండుగా ఉన్న ఆయిల్ నిదానంగా వేడెక్కుతుంది. అందుకే పైపు అంకెను పాన్ అంకెతో పోల్చి భయపడకూడదు.

కూలర్‌కు వెళ్లే పైపు ఏదో తెలియకపోతే, చల్లని ఇంజను స్టార్టు చేసి రెండు పైపులనూ జాగ్రత్తగా ముట్టుకోండి. ముందు వేడెక్కేది అదే. పైపు మధ్యలో బిగించే టీ ముక్కలో (మూడు మూతుల జాయింటు) సెన్సర్ మొన ఆయిల్ ప్రవాహంలోకి దిగాలి. పక్క గొట్టంలో నిలవ ఆయిల్‌ను తాకుతూ ఉంటే అది చూపే అంకెకు అర్థం లేదు.

జవాబు 3:

ప్రెషర్ రంధ్రంలో ఆయిల్ దాదాపు పారదు. చుట్టూ ఉన్న లోహం వేడినే ఆలస్యంగా చూపుతుంది. పైగా అక్కడ బాడీ అల్యూమినియం, బలంగా తిప్పితే మరలు ఊడిపోతాయి. నేనైతే దాని జోలికి వెళ్లను. మీ బండిలో కంపెనీ బిగించిన సెన్సర్ ఇప్పటికే ఉందేమో చూశారా? ఉంటే స్కానర్‌లో చదవవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

స్కానర్‌లో ఆ అంకె రావడం లేదు. పాన్‌కే వెల్డింగ్ చేయించాను, ఎక్కడా కారడం లేదు. నిన్న ట్రైలర్‌తో ఎత్తెక్కాక గేజిలో 84 ఉంది. సైలెన్సర్‌కు అవతలి వైపు పాన్ గోడ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే 92 చూపింది. బయటి రేకు లోపలి ఆయిల్ కంటే వేడిగా ఎలా ఉంటుంది?

జవాబు 3:

ఉండదు, గేజి తక్కువ చూపుతోంది. మీది ఒకే తీగ సెన్సర్ అయితే దాని ఎర్తు పాన్ రేకు ద్వారానే వెళ్లాలి. మధ్యలో రబ్బరు గాస్కెట్, బోల్టుల కింద పెయింటు దానికి అడ్డు. మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టి ఉంటే అదొకటి. వేడెక్కేకొద్దీ సెన్సర్ నిరోధం తగ్గుతుంది. ఎర్తు సరిగా లేక నిరోధం పెరిగితే గేజి దాన్ని చల్లదనం అనుకుంటుంది. ఇలా ఉంచితే ప్రమాదం. ఒక పాన్ బోల్టు కింద పెయింటు గీకి, అక్కడి నుంచి ఇంజను బ్లాకుకు తీగ వేయండి.

ప్రశ్న అడిగినవారు:

టేపు తీసి ద్రవ సీలెంటు పల్చగా రాశాను, తీగ వేశాను. అదే దారిలో అదే బరువుతో ఇవాళ 97 వచ్చింది. రెండో గేరుకు దిగి నెమ్మదిగా వెళితే కొండ దాటేలోపే 93కి తగ్గింది. ఇన్నాళ్లూ అదే ఎత్తును నాలుగో గేరులో ఎక్కించాను.