కేంద్రంలో ‘రవాణా మంత్రి’ అని ఒక్కరే ఎందుకు లేరు?

ప్రశ్న: పాలమూరు నాన్న

మా అమ్మాయి పదో తరగతి. మొన్న ఇంటి ముందు పక్కపక్కనే నిలిపిన రెండు బళ్ళను చూసి, మన స్కూటరు నంబరు ప్లేటు మీద టీఎస్ అనీ, బాబాయి కొత్త బండి మీద టీజీ అనీ ఎందుకున్నాయి, ఆ అక్షరం మార్చింది హైదరాబాదులోని రవాణా మంత్రా, ఢిల్లీలోని రవాణా మంత్రా అని అడిగింది. జవాబు చెప్పబోయి, ఢిల్లీలో రవాణా మంత్రి అంటే ఎవరో నాకే సరిగా తెలియదని గ్రహించాను. రైళ్ళకు ఒకరు, రోడ్లకు ఒకరు, విమానాలకు ఒకరు, ఓడరేవులకు ఒకరు ఉన్నారు. వీటన్నిటికీ ఒక్కరే మంత్రిగా ఉన్న కాలం ఎప్పుడైనా ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: బెజవాడ లారీ ఓనరు

ముందు మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెబుతాను. కోరింది హైదరాబాదు, మార్చింది ఢిల్లీ. రాష్ట్రానికి ఏ అక్షరాలు ఉండాలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద కేంద్ర రోడ్డు రవాణా శాఖ నోటిఫై చేస్తుంది; టీజీ ఉత్తర్వు 2024 మార్చిలో వచ్చింది. ఆ అక్షరాల వెనక వచ్చే నంబరును మీ బండికి ఇచ్చేది మాత్రం రాష్ట్ర రవాణా శాఖవారే.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల అంశాల్లో, ఉన్నాయి. రైల్వేలు, జాతీయ రహదారులు, పెద్ద ఓడరేవులు, విమానయానం కేంద్రానివి. మిగిలిన రోడ్లు, వాహనాల మీద పన్ను రాష్ట్రాలవి. మా లారీ బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్ళివస్తే ఈ పంపకమంతా ఒక్క ట్రిప్పులోనే అర్థమవుతుంది. కీసర టోల్‌గేటు దగ్గర కట్టేది కేంద్రం ఖరారు చేసిన రుసుము, మూడు నెలలకోసారి కట్టే పన్ను రాష్ట్రానిది, ఫిట్‌నెస్ నిబంధనలు రాసేది ఢిల్లీలో అయితే బండి కిందికి వంగి చూసేది మన బ్రేక్ ఇన్‌స్పెక్టరు. 2019లో కేంద్రం జరిమానాలు భారీగా పెంచినప్పుడు, ఆ నెలలోనే గుజరాత్ ప్రభుత్వం చాలావాటిని తగ్గించుకోగలిగిందంటే కారణం ఈ ఉమ్మడి అధికారమే.

జవాబు: పాత గెజిట్లు

మీ రెండో ప్రశ్నకు జవాబు: ఉంది, కానీ ఎక్కువ కాలం నిలవలేదు. యుద్ధకాలంలో, 1942లో, కమ్యూనికేషన్ల శాఖను రెండుగా చీల్చి, ఒక ముక్కకు యుద్ధ రవాణా శాఖ అని పేరు పెట్టారు. నేటి రోడ్డు రవాణా, ఓడరేవుల శాఖలు రెండూ దాని సంతానమే. స్వాతంత్ర్యం వచ్చాక జాన్ మత్తాయ్, గోపాలస్వామి అయ్యంగార్, లాల్ బహదూర్ శాస్త్రి వరుసగా రైల్వేలనూ రవాణానూ కలిపి చూశారు. 1966లో మన నీలం సంజీవరెడ్డిగారి చేతిలో రవాణా, విమానయానం, నౌకాయానం, పర్యాటకం ఉన్నాయి, రైల్వేలు మాత్రం లేవు. మరుసటి ఏడాదే ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ శాఖను మళ్ళీ విడదీశారు.

అన్నిటినీ నిజంగా ఒక గొడుగు కిందికి తెచ్చింది రాజీవ్ గాంధీ ప్రభుత్వం. 1985 సెప్టెంబరులో రైల్వేలు, పౌర విమానయానం, ఉపరితల రవాణా (అంటే రోడ్లు, ఓడలు) మూడూ ఒకే రవాణా మంత్రిత్వ శాఖలో విభాగాలయ్యాయి. పట్టుమని పదమూడు నెలలు గడిచేసరికి, 1986 అక్టోబరులో, ఎవరి కుంపటి వారిదే అయింది. రోడ్లనూ ఓడలనూ 2000లో విడదీసి, 2004లో కలిపి, 2009లో మళ్ళీ విడదీశారు. ఇందులో పరిపాలనా తర్కం కంటే మంత్రి పదవుల సర్దుబాటే ఎక్కువ కనిపిస్తుందని నా అభిప్రాయం.

జవాబు: రిటైర్డ్ గార్డు

పై మిత్రులు చెప్పిన చరిత్ర సరైనదే కానీ, చివరి మాటతో నేను ఏకీభవించలేను. 1924 నుంచి 2016 దాకా వేరే బడ్జెట్టే పెట్టుకున్నంత పెద్ద సంస్థ రైల్వే. దాన్ని ఇంకో మూడు శాఖలతో కలిపి ఒక్కరి నెత్తిన పెడితే ఏదో ఒకటి వెనకబడక తప్పదు.

ప్రశ్న అడిగినవారిది పాలమూరు కాబట్టి ఒక సంగతి గుర్తు చేస్తాను. 1956 సెప్టెంబరు 2న, అప్పటికింకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న మీ మహబూబ్‌నగర్ దగ్గర, వానలకు వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. శాస్త్రిగారు రాజీనామా ఇస్తే నెహ్రూ అంగీకరించలేదు. ఆ నవంబరులోనే తమిళనాట అరియలూరు దగ్గర అంతకంటే ఘోరం జరిగింది. ఈసారి రాజీనామా ఆగలేదు. అందరూ అరియలూరునే తలుచుకుంటారు, మొదటి రాజీనామా లేఖ మన నేల మీది ప్రమాదానికని చాలామందికి తెలియదు. 1957 ఎన్నికల తరువాత ఆయన మళ్ళీ మంత్రివర్గంలోకి వచ్చింది రవాణా, కమ్యూనికేషన్ల మంత్రిగా; రైల్వేలు అప్పటికే జగ్‌జీవన్ రామ్ చేతికి వెళ్ళాయి.

తిరిగి: పాలమూరు నాన్న

అందరికీ కృతజ్ఞతలు. మహబూబ్‌నగర్ సంగతి మా నాన్నగారి నోట కూడా ఎన్నడూ వినలేదు. ఇంకొక్క సందేహం. శాఖలు ఇలా వేరువేరుగా ఉంటే, రైలు ప్రమాదం మీద విచారణ రైల్వే మంత్రి చేతిలోనే ఉంటుందా?

జవాబు: రిటైర్డ్ గార్డు

ఉండదండీ. పెద్ద ప్రమాదం జరిగితే చట్టప్రకారం విచారణకు వచ్చేది రైల్వే భద్రతా కమిషనరు, ఆయన రైల్వే మంత్రి కింద పనిచేయరు. రైలు నడిపేవారే తమ తప్పును తామే విచారించుకోకూడదని 1941లో ఆ తనిఖీ అధికారులను రైల్వే బోర్డు నుంచి తప్పించి తపాలా, విమాన శాఖకు అప్పగించారు. ఇప్పుడు వారు పౌర విమానయాన శాఖ పరిధిలో ఉన్నారు. మా సికింద్రాబాదులో కూడా అలాంటి కమిషనరు కార్యాలయం ఉంది. కొత్త లైను వేశాక ఆయన ట్రాలీ మీద వచ్చి, పట్టాల మధ్య దూరం కొలిపించి, సరేనని సంతకం పెట్టేదాకా దాని మీద ప్రయాణికుల బండి కదలదు. ఆ లైను వేసింది రైల్వే మంత్రి శాఖ, ఆ సంతకం పెట్టేది విమానాల మంత్రి శాఖలోని అధికారి.