మందు పరీక్షకి ఎలుక ఇంకా కావాలా?

కాలనీ కాకి:
పోయిన ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇది. మా చెల్లెలు ఎంఫార్మసీ రెండో ఏడాది. ప్రాజెక్టుకి ముప్పై ఆరు ఎలుకలు వాడుతోంది. పచ్చకామెర్లకి మన ఊళ్ళలో నేల ఉసిరి ఇస్తారు కదా, అది నిజంగా లివర్‌ని కాపాడుతుందా లేదా అని చూడాలట. "అయ్యాక ఆ ఎలుకల్ని ఏం చేస్తారే?" అని అమ్మ అడిగింది. అది అన్నం కలుపుతున్నదల్లా ఆగిపోయింది. జవాబు చెప్పలేదు.

నా వాదన ఇది. 2022 డిసెంబర్‌లో అమెరికా చట్టం మార్చింది. కొత్త మందుకి జంతువుల పరీక్ష తప్పనిసరి అని 1938 నుంచీ ఉన్న షరతు తీసేసింది. మన దగ్గర కూడా 2023 మార్చిలో కొత్త మందుల నిబంధనలు సవరించి, పెంచిన కణాల మీద, అలాంటి కణాలుంచిన చిప్పుల మీద చేసిన పరీక్షలూ చెల్లుతాయన్నారు. చట్టమే అక్కర్లేదంటుంటే మనం ఇంకా ఎందుకు చంపుతున్నాం? ఆపేయాలి అంటాను. కాదనేవాళ్ళు చెప్పండి.

మాత్రల మేస్త్రి:
కాకి గారూ, చట్టం "వద్దు" అనలేదు. "ఇదొక్కటే దారి కాదు" అంది. రెండూ ఒకటి కావు.

నేను టాక్సికాలజీలో, అంటే మందు ఎంతకి హాని చేస్తుందో చూసే పనిలో, పదకొండేళ్ళుగా ఉన్నాను. మా పనంతా ఒక్క నంబర్ కోసం: కొత్త మందు మొట్టమొదటిసారి మనిషికి ఇచ్చేటప్పుడు మొదటి డోస్ ఎంత ఉండాలి? ఎలుకలకి తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతాం. ఏ హానీ కనపడని అతి పెద్ద డోస్ ఎక్కడ ఆగిందో చూస్తాం. అది కిలో బరువుకి 50 మిల్లీగ్రాములు అనుకోండి. ఎలుక లెక్కని మనిషి లెక్కలోకి తేవడానికి 6.2తో భాగిస్తాం, సుమారు 8 వస్తుంది. మళ్ళీ భద్రత కోసం పదో వంతు చేస్తాం. అంటే 0.8. అరవై కిలోల మనిషికి 48 మిల్లీగ్రాములు. ఎలుకే కాదు, కుక్కలాంటి ఇంకో జంతువులో కూడా చూసి, దేనిది తక్కువైతే దాన్నే పట్టుకుంటాం.

ఎలుక లేకుండా ఆ నంబర్ మీరు ఎలా ఇస్తారు? ఇచ్చాక ఆ మాత్ర మొదట ఎవరు మింగుతారు?

కాలనీ కాకి:
ఆ లెక్క మీద అంత నమ్మకం ఉంటే 2006 మార్చిలో లండన్‌లో ఏమైంది అన్నా? టీజీఎన్1412 అనే మందు. కోతుల్లో భద్రం అని తేలిన డోస్‌లో ఐదు వందల వంతు మాత్రమే ఆరుగురు ఆరోగ్యవంతులకి ఎక్కించారు. గంటల్లో ఆరుగురూ ఐసీయూలో పడ్డారు. పదో వంతు కాదు, ఐదు వందల వంతు! ఏం కాపాడింది మీ కోతి?

మాత్రల మేస్త్రి:
ఒప్పుకుంటా, అది మా ఫీల్డ్‌కి పెద్ద దెబ్బ. ఆ మందు పట్టుకునే కొక్కెం మనిషి రక్తంలో రోగాలతో పోరాడే ఒక రకం టీ కణాల మీద ఉంది. ఆ కోతుల్లో అదే రకం కణాల మీద ఆ కొక్కెం లేదు. పైగా పది నిమిషాల తేడాతో ఒకరి తర్వాత ఒకరికి ఎక్కించుకుంటూ పోయారు. మొదటివాడికి వణుకు మొదలయ్యేసరికి మిగతావాళ్ళకీ మందు వెళ్ళిపోయింది. అందుకే ఇప్పుడు ముందు ఒక్కరికే ఇచ్చి ఆగి చూస్తారు.

మసి డ్రమ్ము:
రిటైరైన ఫార్మకాలజీ మేస్టారిని. మా రోజుల్లో కంప్యూటర్ లేదు. కప్ప గుండెకి దారం కట్టి, ఆ దారాన్ని మీటకి తగిలిస్తే, మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే గుండె కొట్టుకోవడం తెల్ల గీతలుగా పడేది. ఒక చుక్క అడ్రినలిన్ వేస్తే గీతలు దగ్గరవుతాయి, పొడుగవుతాయి. ఎసిటైల్‌కోలిన్ వేస్తే పొట్టివై, చివరికి గీత నేలబారుగా సాగుతుంది. ఇంటికొస్తే ముక్కులోంచి కూడా మసే. ఆ పేరే ఇక్కడ పెట్టుకున్నాను. ఇప్పుడు పిల్లలు అదే స్క్రీన్ మీద బటన్ నొక్కి చూస్తున్నారు. అడ్రినలిన్ ఏం చేస్తుందో ఇప్పటికే తెలిసినప్పుడు, మళ్ళీ కప్పని కోయక్కర్లేదు. ఆ మార్పు మంచిదే.

అసలు సంగతికి వస్తాను. ఈ గొడవ మన హైదరాబాద్‌లో నూట ముప్పై ఏళ్ళ కిందటే జరిగింది. అప్పట్లో ఆపరేషన్‌కి క్లోరోఫాం పీలిస్తే అప్పుడప్పుడు రోగి బల్ల మీదే పోయేవాడు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, మన మెడికల్ స్కూల్ పెద్ద, ఊపిరే అన్నాడు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి పట్టుకోనక్కర్లేదన్నాడు. 1888లో ఆయన కమిషన్ కుక్కల మీద చూసి అదే తేల్చింది. లండన్‌లో లాన్సెట్ పత్రిక నమ్మలేదు. ఆరో నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి అన్నాడు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే డాక్టర్ వచ్చాడు. గుండే ఆగుతుందని నమ్మి వచ్చినవాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల్ని చూసి, మనసు మార్చుకుని, లారీ చెప్పిందే నిజం అన్నాడు. (ఆ రోజుల్లోనే ఇక్కడ రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ వైద్యురాలు క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెని చెప్తారు. మనవాళ్ళకి ఆ పేరే తెలీదు.)

అన్ని జంతువులు పోయినా జవాబు సగమే వచ్చింది. 1911లో లండన్‌లో లెవీ అనే డాక్టర్ చూపించాడు: మత్తు లోతుగా ఉన్నప్పుడు కాదు, తేలిగ్గా ఉన్నప్పుడే, ఒంట్లో అడ్రినలిన్ పొంగితే గుండె కింది గదులు కొట్టుకోవడం మాని గిలగిల్లాడతాయి, అంతే, పోతాడు. హైదరాబాద్‌లో కుక్క చచ్చేదాకా క్లోరోఫాం పట్టారు. అలా పడితే ముందు ఊపిరే ఆగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ బల్ల మీద పోయే రోగులు అలా పోలేదు. 1848లో ఇంగ్లండ్‌లో కాలిగోరు తీయించుకోవడానికి పడుకున్న పదిహేనేళ్ళ హన్నా గ్రీనర్ రెండు మూడు నిమిషాల్లోనే పోయింది. అడగాల్సిన ప్రశ్న అడగకపోతే నాలుగు వందలు కాదు, నాలుగు వేలు చంపినా అంతే.

మాత్రల మేస్త్రి:
మేస్టారూ, నమస్కారం. కానీ లెవీ దాన్ని పట్టుకుంది పిల్లుల మీద కదా?

మసి డ్రమ్ము:
పిల్లుల మీదే. అందుకే నేను కాకి పక్షం కాదు, మీ పక్షమూ కాదు.

బొప్పాయి:
చిప్పుల సంగతి ఎవరూ మాట్లాడరేం? 1993లో ఫియాలురిడిన్ అని హెపటైటిస్-బి మందు. జంతువుల్లో అంతా బాగుంది. పదిహేనుమంది రోగుల్లో ఐదుగురు లివర్ పాడై పోయారు. ఇప్పుడు మనిషి లివర్ కణాల్ని వేలెడంత చిప్పులో పెంచుతున్నారు. 2022లో అచ్చైన పరిశోధనలో 27 మందులు చూస్తే, లివర్‌ని పాడుచేసే వాటిలో 87 శాతం పట్టేసింది. మంచి మందు ఒక్కదాన్ని కూడా తప్పుపట్టలేదు. ఆ పాడుచేసే మందుల్లో చాలావరకు జంతువుల పరీక్షలు దాటుకుని వచ్చినవే.

మాత్రల మేస్త్రి:
చిప్పు మాకూ ఇష్టమే. కానీ అది లివర్ ముక్క. మింగిన మాత్ర పేగులోంచి లివర్‌కి పోయి, అక్కడ ముక్కలై, ఆ ముక్క గుండెకి వెళ్ళి లయ తప్పిస్తే? కడుపులో బిడ్డకి చేరితే? మూడు నెలలు రోజూ వాడితే? ఇన్ని అవయవాలు కలిసి ఒక రక్తంతో బతికేది నాకు ఇంకా ఒంట్లోనే దొరుకుతోంది. పదేళ్ళ తర్వాత అడగండి, ఏమో.

అయినా కాకి గారూ, మీ చెల్లెలి ప్రాజెక్టు మీదే నాకు అసలు పేచీ. పారాసిటమాల్ ఎక్కువిచ్చి లివర్‌ని పాడుచేసి, నేల ఉసిరి కాపాడుతుందా అని చూసిన థీసిస్‌లు ఏ ఫార్మసీ కాలేజీ లైబ్రరీలో చూసినా కనపడతాయి. పైగా ఎలుక పారాసిటమాల్‌కి మొండిది. మనిషికి దగ్గరగా లివర్ పాడయ్యేది చిట్టెలుకలో. పిల్లికైతే కాస్త డోసుకే ప్రాణం పోతుంది. కొత్త మందు కోసం వాడే ఎలుకని నేను సమర్థిస్తా. డిగ్రీ కోసం వాడే ఎలుకని సమర్థించను.

మసి డ్రమ్ము:
ఇది నాకు గుచ్చుకుంది. అలాంటి థీసిస్‌లకి గైడ్‌గా చాలావాటి మీద సంతకం పెట్టినవాణ్ణి నేనే. ఎలుక అయితే యానిమల్ హౌస్‌లో ఉంటుంది, చవక, పని తొందరగా అవుతుంది, అనుమతిచ్చే కమిటీకి పాత ఫార్మాట్ సిద్ధంగా ఉంటుంది. కారణం అంతకంటే పెద్దదేం కాదు.

సూది గుండు:
నేనే ఆ చెల్లెల్ని. అన్నయ్య ఫోన్‌లో చూసి అకౌంట్ తెరిచాను.

మేస్త్రి గారూ, మీరన్నది నిజమే కావచ్చు. టాపిక్ నేను ఎంచుకోలేదు. కానీ పని నేను చేశాను కాబట్టి చెప్తాను. రోజూ పొద్దున్నే తూకం వేయాలి. నూట డెబ్భై, నూట ఎనభై గ్రాములు. మెడ మీద తోలు బిగించి పట్టుకుని, కొనకి చిన్న గుండు ఉన్న వంపు సూది నోటి పక్క నుంచి దించాలి. అన్నవాహికలోకి వెళ్తే తేలిగ్గా జారుతుంది. అడ్డం తగిలితే ఆగాలి, తోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండో రోజు నేను తోశాను. ఒకటి పోయింది. దాని బదులు ఇంకోటి తెచ్చారు. కాబట్టి ముప్పై ఆరు కాదన్నయ్యా, ముప్పై ఏడు.

ఆరేసి చొప్పున ఆరు గుంపులు. ఒక గుంపుకి పారాసిటమాల్ ఒక్కటే. ఒకదానికి దాంతోపాటు లివర్‌కి తెలిసిన మందు సిలిమరిన్. మూడింటికి దాంతోపాటు నేల ఉసిరి మూడు డోసుల్లో. మొదటి గుంపుకి మాత్రం ఏమీ లేదు, మంచినీళ్ళే. మిగతావాటిని దేనితో పోల్చాలి మరి? వారమయ్యేసరికి ఆ ఆరూ నా చెయ్యి చూస్తే బెదరడం మానేశాయి.

అమ్మ అడిగినదానికి జవాబు ఏంటంటే, చివరి రోజు వాటి లివర్లు కూడా తీయాలి. ఆరోగ్యంగా ఉన్న లివర్ ఎలా ఉంటుందో స్లైడ్ మీద చూపించాలి కదా. ఇది అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.