నిర్వాణా 'ఇన్ యుటెరో': ఏ మిక్స్ కొనడం మేలు?

అమెరికన్ రాక్ బృందం నిర్వాణా 1993లో విడుదల చేసిన 'ఇన్ యుటెరో' ఆల్బమ్‌ను ఇన్నేళ్ల తరువాత మళ్లీ శ్రద్ధగా వింటున్నాను. మిన్నెసోటాలోని పాకిడర్మ్ స్టూడియోలో స్టీవ్ అల్బీనీ రికార్డు చేసిన ఈ పాటల్లో, ముఖ్యంగా 'సెంట్‌లెస్ అప్రెంటిస్' మొదట్లో, గది ప్రతిధ్వనితో సహా వినిపించే డేవ్ గ్రోల్ డ్రమ్ముల మోత నన్ను ఇప్పటికీ కట్టిపడేస్తుంది.

అయితే 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' పాటలను విడుదలకు ముందే నిర్మాత స్కాట్ లిట్ తిరిగి మిక్స్ చేశారు, అంటే రికార్డు చేసిన గాత్రం, వాద్యాల ధ్వనుల పాళ్లు మార్చి మళ్లీ కలిపారు. ఆ రెండింటికీ అల్బీనీ చేసిన తొలి మిక్స్‌లు, ఆల్బమ్ మొత్తానికీ ఆయన కొత్తగా చేసిన మిక్స్ 2013 నాటి ప్రత్యేక విడుదలలో వెలువడ్డాయి. నా మనసు 1993 రూపం వైపే మొగ్గుతోంది. 1993, 2013 రూపాలు రెండింటినీ మంచి స్పీకర్లపై పోల్చి విన్నవారు, గాత్రంలోనూ బేస్ గిటార్‌లోనూ ఏ తేడా గమనించారో, ఎల్‌పీ రికార్డు కొనాలంటే ఏది మేలో దయచేసి తెలియజేయగలరా?