దుబాయ్‌లో నాలుగు రోజులు: బంగారం ఎక్కడ కొనాలి, భోజనం ఎక్కడ చేయాలి?

కృష్ణాతీరం:
జనవరిలో దుబాయ్ వెళ్తున్నాం. మేమిద్దరం, అమ్మ, ఎనిమిదేళ్ల పాప. బస బర్ దుబాయ్‌లో. 22 క్యారెట్ల గాజులు, ఒక గొలుసు కలిపి 50 గ్రాముల దాకా తీసుకోవాలని ఉంది. డేరా గోల్డ్ సూక్‌కి (బంగారం బజారుకి) వెళ్లాలా, మాల్‌లో షోరూమ్ చాలా? వ్యాట్ వెనక్కి ఇస్తారట, అదెలా? అమ్మ మాంసం వండే చోట తినదు. అయినా ఒక్క రాత్రి బుర్జ్ ఖలీఫా దగ్గర కాస్త దర్జాగా భోంచేయాలని కోరిక. బిల్లు చూసి కళ్లు తిరగకుండా ముందే ఏం అడగాలో చెప్పండి.

మజూరీ_మాట:
గ్రాము రేటు కోసం షాపులు తిరగకండి. దుబాయ్‌లో నగల వర్తకుల సంఘం 24, 22, 21, 18 క్యారెట్లకు రేటు ప్రకటిస్తుంది. సూక్‌లోనైనా మాల్‌లోనైనా బోర్డు మీద కనిపించేది అదే. రోజులో మారుతుంది కూడా, కాబట్టి పొద్దున చూసిన రేటుతో రాత్రి వాదించి లాభం లేదు.

బేరం అంతా మజూరీ దగ్గరే. సాదా గాజులకు, మెషీన్ గొలుసులకు తక్కువ. చేతిపని, రాళ్లు పొదిగినవాటికి బాగా ఎక్కువ. "మొత్తం ఎంతకిస్తారు?" అని అడిగారంటే బేరం వాళ్ల చేతిలోకి పోయినట్టే. బోర్డు రేటును బరువుతో గుణించి పక్కన పెట్టండి, ఆ పైన ఎంత అడుగుతున్నారో దాన్ని గ్రాముకి లెక్క కట్టించండి. ఒకే రకం గాజులకు రెండు మూడు షాపుల్లో ఈ ఒక్క అంకె కనుక్కుంటే చాలు. సూక్‌లో షాపులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇది అరగంట పని, మాల్‌లో కాళ్లు పడిపోతాయి. నా ఓటు సూక్‌కే.

రాళ్లున్న నగైతే మొత్తం బరువు, రాళ్లు తీసేసిన బంగారం బరువు బిల్లులో విడివిడిగా రాయించండి. లేదంటే రాయికి కూడా బంగారం ధర కట్టినట్టే. 22 క్యారెట్లకు 916, 18 క్యారెట్లకు 750 ముద్ర ఉండాలి. గొలుసైతే కొక్కెం దగ్గర, గాజైతే లోపలి వైపు చూడండి. భూతద్దం అడిగితే ఇస్తారు, మొహమాటం వద్దు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళకు సూక్‌లో చాలా షాపులు మూసే ఉంటాయి. ఆ రోజైతే సాయంత్రం పెట్టుకోండి.

రసీదు_రాణి:
వ్యాట్ 5 శాతం. పర్యాటకులకు ప్లానెట్ అనే సంస్థ ద్వారా వెనక్కి వస్తుంది, కానీ మొత్తం రాదు. కట్టిన వ్యాట్‌లో 85 శాతం ఇచ్చి, అందులోంచి ఒక్కో రసీదుకి 4.80 దిర్హాములు పట్టుకుంటారు. 1000 దిర్హాముల సరుకుకి వ్యాట్ 50, దాన్లో 85 శాతం 42.50, చేతికొచ్చేది 37.70. అందుకే ఒకే షాపులో నాలుగు బిల్లులు చేయించుకోకండి, నాలుగుసార్లు ఆ 4.80 పోతుంది. బిల్లు కనీసం 250 దిర్హాములు ఉండాలి. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి ట్యాక్స్ ఫ్రీ అని చెప్పండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఎయిర్‌పోర్టులో. సామాను చెక్-ఇన్ చేయకముందే ప్లానెట్ కియోస్క్ దగ్గరికి వెళ్లాలి. వస్తువు చూపించమని అడగొచ్చు. నగ పెట్టెలో పెట్టి బెల్టు మీద పంపేశాక చూపించడానికి ఏముంటుంది? నగలు చేతిసంచిలోనే ఉంచండి. కొన్న 90 రోజుల్లోపు దేశం దాటించాలి.

99 శాతం, ఆపై స్వచ్ఛత ఉన్న పెట్టుబడి బిస్కెట్ల మీద వ్యాట్ సున్నా, కాబట్టి వెనక్కి రావడానికీ ఏమీ లేదు.

రెడ్_చానల్:
అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ సుంకంలో మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాముల నగల మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చినవాళ్లకే. నాలుగు రోజుల విహారయాత్రకు అది వర్తించదు. మీ నగలు సుంకం లేకుండా తెచ్చుకునే మామూలు సామాను పరిమితిలో ఇమిడినంతవరకే సరి, దాటితే డిక్లేర్ చేసి సుంకం కట్టాలి. ఆరు నెలలైనా బయట ఉండనివాళ్లకు ఆ రేటు చాలా ఎక్కువ. మజూరీలో, వ్యాట్‌లో మిగిలిందంతా అక్కడే కొట్టుకుపోతుంది. 50 గ్రాముల ఆలోచన మానేసి, పాపకి ఒక చిన్న గొలుసుతో సరిపెట్టడమే మేలు.

ఇంకోటి. అమ్మగారు ఒంటిమీద ఎక్కువ బంగారంతో వెళ్తుంటే, బయల్దేరేటప్పుడే మన ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు "ఇది మా పాతదే" అని నోటిమాటగా చెబితే నమ్మాలని లేదు.

కృష్ణాతీరం:
రెడ్_చానల్ గారూ, బతికించారు. బంగారం తగ్గించేస్తాం. ఇక తిండి సంగతి?

అబ్రా_ప్రయాణం:
అమ్మగారికి బర్ దుబాయ్, కరామా చాలు. శరవణ భవన్ ఉంది, పూరన్‌మల్ ఉంది, రెండూ శుద్ధ శాకాహారమే. మీరిద్దరూ మాంసం తింటే ఒక పూట విడిగా వెళ్లండి: బర్ దుబాయ్‌లో అల్ ఉస్తాద్ స్పెషల్ కబాబ్ ఇరానీ కబాబులకు, సత్వాలో రవి రెస్టారెంట్ పాకిస్తానీ వంటకు. రెండూ 1978 నుంచి నడుస్తున్నవే. హంగు ఆశించకండి, రుచికి మాత్రం లోటుండదు.

సూక్‌కి టాక్సీ దండగ. బర్ దుబాయ్ రేవులో అబ్రా (చిన్న పడవ) ఎక్కితే మనిషికి 1 దిర్హాము, చిల్లర చేతిలో ఉంచుకోండి. రేవు దగ్గర "బోటు, బోటు" అని వెంటపడేవాళ్లు బోటు మొత్తం అద్దెకి మాట్లాడుతున్నారు. జనం వరుసగా కూర్చుంటున్న పడవే ఎక్కండి.

దుబాయ్ మాల్‌కి మెట్రో. టికెట్‌గా వాడే సిల్వర్ నోల్ కార్డు 25 దిర్హాములు, అందులో 19 వాడుకోవచ్చు. మనిషికో కార్డు కావాలి. బోగీలో ఆడవాళ్లు, పిల్లల భాగానికి హద్దుగా ఉన్న గులాబీ రంగు గీత దాటితే మగవాళ్లకు 100 దిర్హాముల జరిమానా. తింటూ దొరికినా అంతే, పాప చేతిలో చిప్స్ ప్యాకెట్ కనిపించనివ్వకండి. స్టేషన్ నుంచి మాల్‌కి ఏసీ వంతెన ఉంది గానీ చాలా పొడుగు, అమ్మగారికి వీల్‌చైరో టాక్సీయో చూసుకోండి.

దర్జా భోజనానికి బుర్జ్ ఖలీఫా దగ్గరి దుబాయ్ ఫౌంటెన్ ఎదురుగా ఉన్న సూక్ అల్ బహార్ అనే షాపింగ్ సముదాయం వైపు చూడండి. "ఫౌంటెన్ వ్యూ" అంటే లోపల కూర్చుని అద్దంలోంచి చూసేదీ కావచ్చు, కాబట్టి టెర్రస్ టేబులేనా అని తేల్చుకోండి. బుర్జ్ ఖలీఫా 122వ అంతస్తులోని అట్మాస్ఫియర్ లాంటి చోట్ల మనిషికి కనీసం ఇంత ఖర్చు చేయాలని షరతు పెడతారు. పాపకీ అదే లెక్కా, కిటికీ పక్క టేబుల్‌కి వేరే లెక్కా అని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. శాకాహారానికి వంటగిన్నెలు వేరుగా ఉంటాయా అన్నదీ అప్పుడే అడగాలి. లేవంటే అమ్మగారికి ముందే తినిపించి, అక్కడ పళ్లూ ఐస్‌క్రీమూ చాలు.

హోటళ్లలోని రెస్టారెంట్లలో 7 శాతం మున్సిపల్ రుసుము, సాధారణంగా 10 శాతం సర్వీస్ ఛార్జీ, 5 శాతం వ్యాట్ ఉంటాయి. ఇవన్నీ ధరలో కలిసే ఉన్నాయని మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. సర్వీస్ ఛార్జీ ఉంటే విడిగా టిప్పు ఇవ్వాల్సిన పని లేదు. కూర్చోగానే "స్టిల్ ఆర్ స్పార్‌క్లింగ్?" అని అడుగుతారు. దేనికి తలూపినా దిగుమతి నీళ్ల సీసా వస్తుంది. "లోకల్ వాటర్" అనండి.

కార్డు మిషన్ రూపాయలా, దిర్హాములా అని అడిగితే దిర్హాములే నొక్కండి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు వాళ్లిష్టం.